మూడో లిపి వచ్చినప్పుడు
ప్రశ్న: ఒడియా, తెలుగు పాఠాన్ని ఒక లిపి నుంచి ఇంకో లిపికి మార్చే చిన్న పైథాన్ లైబ్రరీని ముగ్గురం కలిసి ఓపెన్ సోర్స్‌గా పెట్టాం. ఇప్పుడు సిరోంచ నుంచి ఒకాయన మరాఠీ కూడా కలుపుతానంటున్నారు. భారతీయ లిపులన్నిటికీ పనికొచ్చే ఫ్రేమ్‌వర్క్‌గా ముందే తిరగరాసేద్దామా?
– ఒక పాఠకుడు, బరంపురం

జవాబు: వద్దు. ఇప్పుడే రాస్తే మీకు చదవడం రాని లిపుల గురించి ఊహించి రాయాలి. ముందు మరాఠీని కలపనివ్వండి, కొంత కోడ్ పాతదానికి నకలైనా ఫరవాలేదు. ఏది ఉమ్మడో, ఏది కాదో అప్పుడే తేలుతుంది.

మీ దగ్గర ఉమ్మడి భాగం చాలా చిన్నది. ప్రతి అక్షరానికీ ఒక నంబరు ఇచ్చే యూనికోడ్‌లో ఒడియా 2816 దగ్గర, తెలుగు 3072 దగ్గర మొదలవుతాయి. రెండూ ఇస్కీ (భారతీయ లిపుల పాత కోడ్ పద్ధతి) వరుసలోనే ఉన్నాయి కనుక 256 కలిపితే చాలా అక్షరాలు సరిగ్గా మారిపోతాయి. దేవనాగరి మొదలు 2304, అంటే 768 కలపాలి. ఈ తేడానే ఒక సెట్టింగ్‌గా పెడితే పనైపోయిందనిపిస్తుంది. అసలు తంటా మిగిలిన అక్షరాలతోనే. ఒడియాలో హ్రస్వ ఎ, ఒ లేవు. తెలుగులో రాసిన ‘ఒడియా’ అనే మాటనే మార్చి చూడండి, మొదట్లోనే ఖాళీ డబ్బా వస్తుంది. మరాఠీవాళ్లు ‘ఆఫీస్’ రాయడానికి వాడే అరచంద్రం ‘ఆ’ కోడ్ 2321. దానికి 768 కలిపితే 3089, తెలుగులో ఆ చోటు ఖాళీ.

వీటికోసం ‘ఒడియా అయితే’, ‘మరాఠీ అయితే’ అని ఇఫ్‌లు పేర్చుకుంటూ పోతే ఒకరి దిద్దుబాటు ఇంకొకరి భాషను చెడగొడుతుంది. భాషకొక పట్టిక ఫైలు పెట్టి, తేడా, మినహాయింపులు అందులోనే రాయండి. ఫంక్షన్‌కు పాఠం, పట్టిక ఇస్తే చాలు. అది ముందు పట్టికలో వెతకాలి, దొరక్కపోతేనే తేడా కలపాలి. వచ్చిన చోటు ఖాళీ అయితే (యూనికోడ్‌డేటా మాడ్యూల్ దాన్ని ‘సీఎన్’ అంటుంది) ఎర్రర్ ఇవ్వాలి. పట్టికను సరిచూడటానికి ప్రోగ్రామరే కానక్కర్లేదు, గుణుపురంలో ఒడియా చెప్పే మాస్టారైనా చాలు.

ఒడియా చుక్క డ దగ్గర జాగ్రత్త. అది 2908 అనే ఒక్క కోడ్‌గానూ, 2849, 2876 అనే జంటగానూ వస్తుంది. ఎన్‌ఎఫ్‌సీ (ఒకే అక్షరాన్ని రాసే వేర్వేరు తీరులను ఒకే రూపంలోకి తెచ్చే యూనికోడ్ పద్ధతి) చేస్తే జంట ఒకటైపోతుందని అనుకుంటారు, ఈ అక్షరానికి మాత్రం ఒక్కటే జంటగా విడిపోతుంది. అందుకని ముందు ఎన్‌ఎఫ్‌సీ చేసి, పట్టికలో జంటనే రాసి, పొడవాటివి ముందు వెతికించండి.

ఒడియాలో హ్రస్వ ఎ లేదు కనుక ‘తెలుగు’ ఒడియాలోకి వెళ్లి తిరిగొస్తే ‘తేలుగు’ అవుతుంది. దాన్ని టెస్టులో సరైన ఫలితంగానే రాసిపెట్టండి, లేకపోతే ఎవరో ఒకరు బగ్ అనుకుని దిద్దేస్తారు.

ప్రశ్న: ఫంక్షన్‌లో ఆర్గ్యుమెంట్ల వరుస మార్చమని పుల్ రిక్వెస్ట్ (కోడ్‌లో మార్పు కలపమనే విన్నపం) వచ్చింది. ఒప్పుకుంటే పాతవాళ్ల ప్రోగ్రాములు ఆగిపోవా?
– ఒక పాఠకురాలు, జయపురం

జవాబు: ఆగిపోతే నయమే. రెండూ స్ట్రింగులైతే ఎర్రర్ లేకుండా తప్పు ఫలితం వస్తుంది. కొత్త పేరుతో ఇంకో ఫంక్షన్ రాయమనండి. అందులో ఆర్గ్యుమెంట్ల ముందు ఒక నక్షత్రం పెడితే పేరు చెప్పి పంపక తప్పదు, వరుస గొడవే ఉండదు. పాతది లోపల కొత్తదాన్నే పిలుస్తూ హెచ్చరిక ఇవ్వాలి, దాన్ని తీసేయడం తర్వాతి పెద్ద వెర్షన్ 2.0లోనే. ‘ఇది త్వరలో పోతుంది’ అని చెప్పే పైథాన్ హెచ్చరిక డిప్రికేషన్‌వార్నింగ్ మామూలుగా ప్రధాన ఫైలులో తప్ప బయటికి కనబడదు. అందరికీ కనబడాలంటే ఫ్యూచర్‌వార్నింగ్ వాడండి.