వించ్ దగ్గర కక్కుర్తి పడొద్దు

ప్రశ్న: అన్నా, మాది అనంతపురం పక్కన పల్లె, డిగ్రీ చదువుతున్నా. సెకండ్ హ్యాండ్‌లో 60 పౌండ్ల (నారి లాగడానికి పట్టే బరువు) కాంపౌండ్ బో కొన్నాను, రెండు క్యామ్‌లది (విల్లు చివర్ల తిరిగే చక్రాలు). ఈ మధ్య ఫుల్ డ్రాకి (నారి పూర్తిగా లాగాక) వచ్చినప్పుడు వాల్, అంటే ఇక లాగలేకుండా ఆగేచోటు, గట్టిగా తగలకుండా మెత్తగా ఉంటోంది, బాణాలు పైకీ కిందికీ పోతున్నాయి. క్యామ్‌లు రెండూ ఒకేసారి తిరగట్లేదేమో, డ్రా బోర్డు మీద పెట్టి చూడు అన్నారు తెలిసినవాళ్లు. నాకు తెలిసి దగ్గర్లో ఏ షాపులోనూ అది లేదు. ఇంట్లోనే చేసుకోవచ్చా? చెక్క, బోల్టులు ఉన్నాయి. వించ్ మాత్రం చవకలో ఏదో ఒకటి తెద్దామనుకుంటున్నా.

జవాబు: చేసుకోవచ్చు తమ్ముడూ, అందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు. ఒక గట్టి పలక, దానికి ఒక చివర విల్లు పిడి ఆనడానికి ఒక బోల్టు, రెండో చివర నారిని మెల్లగా లాగి పట్టుకునే చేతి వించ్, అంతే. నువ్వు చేత్తో లాగినప్పుడు భుజం మీద భారం ఉంటుంది, కన్ను పీప్‌లో (నారిలో గురి చూసే చిన్న రంధ్రం) ఉంటుంది, పై క్యామ్ దగ్గర ఏం జరుగుతోందో నీకు కనపడదు. పక్కన ఎవరినైనా నిలబెట్టి చూడమన్నా వాళ్లు పైది చూసేలోపు కిందిది అయిపోతుంది. బోర్డు మీదైతే లాగినచోటే ఆగి ఉంటుంది కాబట్టి పైదీ కిందిదీ తీరిగ్గా చూసుకోవచ్చు (తీరిగ్గా అన్నాను కదా అని అలాగే లాగి పెట్టి భోజనానికి పోవద్దు).

పలక ఐదడుగుల పొడవు, ఆరంగుళాల వెడల్పు, రెండంగుళాల మందం ఉంటే ధారాళంగా సరిపోతుంది. నీ డ్రా 28, 29 అంగుళాలే అయినా హుక్కుకూ బరువు చూడాలంటే పెట్టే త్రాసుకూ వించ్ బెల్టుకూ కలిపి ఇంకో అడుగున్నర పోతుంది కదా. పాత ఇళ్లు పడగొట్టినచోట టేకు గుమ్మాలు, వేప దూలాలు అమ్ముతుంటారు, ఏళ్ల తరబడి ఎండి ఉంటాయి కాబట్టి ఇక వంగవు, కొత్త చెక్క కంటే అవే నయం. చెద, పగులు లేకుండా చూసుకుంటే చాలు. దాన్ని గోడకు అడ్డంగా, ఛాతీ ఎత్తులో బిగించుకుంటే విల్లు నిలువుగా వేలాడుతుంది, చూడ్డానికి సులువు. బల్ల మీద పడుకోబెట్టినా తప్పులేదు గానీ లింబులు (పిడికి పైనా కిందా వంగే విల్లు చేతులు) దేనికీ ఆనకూడదు.

పిడి ఆనే బోల్టు ముప్పావంగుళం లావుది తీసుకుని పలకలోంచి ఈ పక్క నుంచి ఆ పక్కకు దూర్చి రెండువైపులా వాషర్లు వేసి నట్లు బిగించు. చెక్క స్క్రూలతో పని కానిస్తే ఏదో ఒకరోజు ఊడి వస్తాయి. బోల్టు పలక నుంచి నాలుగైదు అంగుళాలు బయటికి రావాలి, లేకపోతే క్యామ్‌లూ కేబుల్ గార్డూ (క్యామ్‌లకు కట్టిన కేబుల్ తాళ్లను పక్కకు పట్టే కడ్డీ) పలకకు రాసుకుంటాయి. దానిమీద నీళ్ల పైపు ముక్క తొడుగు, విల్లు జారి బయటికి రాకుండా చివర ఒక పెద్ద వాషర్ పెట్టు. ఇక్కడ చాలామంది విల్లును క్లాంపులతో రెండుచోట్ల బిగించేస్తారు, అది వద్దు. నీ బొటనవేలు, చూపుడువేలు సందు ఎక్కడ ఆనుతుందో పిడిలో సరిగ్గా ఆ లోతులోనే బోల్టు ఆనాలి, మిగతా విల్లు తనంతట తాను సర్దుకోవాలి. కదలకుండా కట్టేసిన విల్లు నీ చేతిలో ఉన్నట్టు ప్రవర్తించదు, అలా వచ్చిన లెక్కకు విలువ లేదు. అలాగే నారి పలక నుంచి ఎంత ఎడంగా ఉందో వించ్ బెల్టు కూడా అంతే ఎడంగా ఉండాలి, దీనికోసం వించ్ కింద చెక్క దిమ్మ పెట్టాల్సి రావచ్చు. బోల్టు నుంచి వించ్ దాకా ఒక దారం లాగి చూసుకుంటే తెలిసిపోతుంది. పక్కకు లాగితే క్యామ్ ఒరుగుతుంది, నువ్వేమో క్యామ్‌లో తప్పుందని వెతుక్కుంటూ కూర్చుంటావు.

ఇక వించ్. నీ ఉత్తరంలో నాకు టెన్షన్ పెట్టింది ఆ ఒక్క వాక్యమే. 60 పౌండ్లంటే 27 కిలోలే కదా, ఏ వించ్ అయినా లాగుతుంది అనుకుంటాం. నిజమే, లాగడం ఏదైనా లాగుతుంది. సమస్య వదిలేటప్పుడు. కాంపౌండ్ బోకి లెట్-ఆఫ్ (పూర్తిగా లాగాక భారం తగ్గడం) ఉంటుందని నీకు తెలుసు, 80 శాతం లెట్-ఆఫ్ అయితే ఫుల్ డ్రాలో నారి మీద ఉండేది 12 పౌండ్లు, అంటే అయిదున్నర కిలోలు కూడా లేదు. టకటకమంటూ పళ్ల మీద నాలుక పడే మామూలు రాట్చెట్ వించ్‌లో నువ్వు ఆ నాలుక ఎత్తి హ్యాండిల్ పట్టుకుంటావు, తేలిగ్గా ఉంటుంది, ఏముందిలే అని ఒంటిచేత్తో తిప్పుతూ వదులుతావు, నారి కొద్దిగా ముందుకు పోగానే క్యామ్ తిరగబడి ఆ అయిదున్నర కిలోలు ఒక్కసారిగా 27 కిలోలవుతాయి. చెయ్యి జారిందా, హ్యాండిల్ గిర్రున తిరిగి మణికట్టు మీద కొడుతుంది, అదే క్షణంలో విల్లు బాణం లేకుండా వదిలినట్టు అవుతుంది. డ్రై ఫైర్ అయితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు, లింబు చీలొచ్చు, క్యామ్ వంగొచ్చు, నారి తెగి ముఖం మీదికి రావచ్చు.

అందుకని ఆటోమేటిక్ బ్రేక్ ఉన్న చేతి వించ్ కొను, లేదా వర్మ్ గేర్‌ది. వీటిలో హ్యాండిల్ మీద చెయ్యి తీసేసినా ఎక్కడిదక్కడే ఆగుతుంది, వదలాలన్నా నువ్వు వెనక్కి తిప్పాల్సిందే. హార్డ్‌వేర్ షాపులో అడిగేటప్పుడు "చెయ్యి వదిలితే ఆగుతుందా" అని అడుగు, ఆన్‌లైన్‌లో అయితే బ్రేక్ వించ్ అని రాసి ఉందో లేదో చూడు. బోరు మోటార్లు పైకి తీసే మెకానిక్‌ల దగ్గరా, పాత ఇనుము అంగళ్లలోనూ చూడొచ్చు గానీ, తెచ్చాక ముందు ఒక బియ్యం మూట వేలాడదీసి, సగంలో హ్యాండిల్ వదిలేసి, మూట దిగుతుందేమో చూశాకే విల్లు తగిలించు. ఇనుప తాడు కంటే బట్ట బెల్టు మంచిది. చెక్క దగ్గర ఆదా చేసుకో, రంగు దగ్గర ఆదా చేసుకో, వించ్ దగ్గర మాత్రం వద్దు.

నారిని లాగే హుక్కు డి-లూప్‌కే (బాణం పెట్టేచోట నారికి కట్టిన చిన్న ఉచ్చు) తగిలించు, నారి మధ్యలో ఎక్కడో కాదు. బాణం పెట్టే చోటు నారికి సరిగ్గా నడిమధ్యలో ఉండదు, వేరేచోట లాగితే క్యామ్‌ల లెక్క మారిపోతుంది. ట్రిగ్గర్ రిలీజ్‌తో (మీట నొక్కితే నారిని వదిలే పరికరం) లాగొద్దు, పొరపాటున వేలు తగిలితే ఇందాక చెప్పిన కథే.

మొదటిసారి లాగే ముందు ఒక దూది ఉండ తీసుకుని రెండు లింబుల మీదా, ముఖ్యంగా అంచుల వెంట మెల్లగా రాయి. ఎక్కడైనా దూది పోగు పట్టుకుందంటే అక్కడ పీచు లేచినట్టే, ఆ విల్లు బోర్డు ఎక్కకూడదు. సెకండ్ హ్యాండ్ అన్నావు కాబట్టి ఇది తప్పనిసరి. కళ్లద్దాలు పెట్టుకో, నారికి ఎదురుగా గానీ వెనక గానీ కాకుండా పక్కన నిలబడు, పిల్లల్ని ఆ గదిలోకి రానివ్వకు.

ఇప్పుడు అసలు పని. మెల్లగా తిప్పుతూ పో. ఒక క్యామ్ మీది డ్రా స్టాప్ (ఇంక లాగకుండా ఆపే మొట్ట) కేబుల్‌కు (కొన్నిటిలో లింబుకు) ఆనగానే ఆపి రెండోది చూడు. అదీ ఆనిందా, ఇంకా సందు ఉందా? కంటికి తెలియకపోతే సన్న కాగితం ముక్క దూర్చి చూడు, ఒకచోట పట్టుకుని ఇంకోచోట జారిపోతుంటే తేడా ఉన్నట్టే, నీ మెత్తటి వాల్‌కు కారణం చాలావరకు అదే. ఏ క్యామ్ ముందు ఆనిందో ఆ క్యామ్ మీదికి చుట్టుకునే కేబుల్‌కు, ఉన్న మెలి దిక్కులోనే ఇంకో అర మెలి వెయ్యి. కేబుల్ పొట్టిదయితే ఆ క్యామ్‌ను కాస్త వెనక్కి పట్టి ఉంచుతుంది, ఆలస్యంగా ఆనుతుంది. మళ్లీ బోర్డు మీద పెట్టి చూడు, చాలకపోతే ఇంకో అర మెలి. ఒకేసారి మూడు నాలుగు మెలికలు వేస్తే డ్రా లెంగ్తూ బరువూ కూడా మారిపోయి ఎక్కడ మొదలుపెట్టావో మర్చిపోతావు, ప్రతి మార్పూ ఒక కాగితం మీద రాసుకో. ఇదంతా రెండు క్యామ్‌ల విల్లుకు. హైబ్రిడ్, సింగిల్ క్యామ్ అనే వేరే రకం విల్లులకు వాటి మాన్యువల్‌లో చెప్పినట్టే పోవాలి.

ఒక్క మాట, మెలి వేయాలంటే కేబుల్ ఊడదీయాలి, దానికి బో ప్రెస్ (లింబులను నొక్కి పట్టి నారిని వదులు చేసే సాధనం) కావాలి. డ్రా బోర్డు బో ప్రెస్ కాదు. బోర్డు మీద లాగి పెట్టి కేబుల్ విప్పే వీడియోలు చూసి ఆ సాహసం చేయొద్దు, ప్రెస్ ఉన్నవాళ్ల దగ్గరికి ఈ కాగితం పట్టుకుపోతే పది నిమిషాల పని. ఇంకో సంగతి, క్యామ్‌ల జోలికి పోకముందే లింబులను పిడికి బిగించే రెండు లింబు బోల్టులూ సమానంగా ఉన్నాయో లేదో చూసుకో. పాత యజమాని ఒకటి ఎక్కువ తిప్పి ఇంకోటి తక్కువ తిప్పి ఉండొచ్చు. రెండిటినీ పూర్తిగా బిగించి, అక్కడి నుంచి సమానంగా లెక్కబెడుతూ వదులు చెయ్యి, కంపెనీ చెప్పిన హద్దు దాటొద్దు.

ప్రశ్న: బోర్డు ఉంది సార్. లగేజీ తూచే డిజిటల్ త్రాసు మధ్యలో పెట్టి డ్రా వెయిట్ చూడొచ్చా? నమ్మొచ్చా? — తాడిపత్రి

జవాబు: చూడొచ్చు. 50 కిలోల దాకా తూచేది తీసుకోండి. నమ్మాలా వద్దా అన్నది మీ ఇంట్లోనే తేలుతుంది, 26 కిలోల బియ్యం మూట తెచ్చిన రోజు విప్పకముందే దానికి తగిలించి చూడండి, 60 పౌండ్లకు అది దగ్గరి బరువే కాబట్టి తేడా ఎంతుందో తెలిసిపోతుంది. కొన్ని త్రాసులు అంకె కుదురుకోగానే లాక్ అయిపోతాయి, అలాంటిది పనికిరాదు, లాగుతున్నకొద్దీ అంకె మారుతూ ఉండాలి.

త్రాసు ఉందంటే ఇంకో మంచి పని ఉంది. బెల్టు పక్కన పలక మీద అంగుళానికో గీత గీసి, ఒక్కో గీత దగ్గర ఆపి బరువు రాసుకుని, గ్రాఫ్ కాగితం మీద చుక్కలు పెట్టి కలపండి. బరువు ఎక్కడ లేస్తుంది, ఎంతదూరం నిలబడుతుంది, ఎక్కడ పడిపోతుంది అన్నీ కనిపిస్తాయి, ఆ గీత కింద ఉన్న జాగానే విల్లులో దాగిన శక్తి. వదిలేటప్పుడు కూడా అవే గీతల దగ్గర రాసుకోండి, అంకెలు కాస్త తక్కువగా వస్తాయి, ఆ తేడా రాపిడి మింగేసింది. తేడా మరీ ఎక్కువుంటే కేబుల్ గార్డునూ ఇరుసులనూ అనుమానించండి.

ప్రశ్న: నేను స్కూల్లో పి.ఇ.టి.ని. మా పిల్లలు రికర్వ్ (క్యామ్‌లు లేని విల్లు) వేస్తారు. ఒలింపిక్స్‌లో కాంపౌండ్ పెట్టారని విని ఇద్దరు ముగ్గురు అటు మారతామంటున్నారు. డ్రా బోర్డు మాకేమైనా పనికొస్తుందా? — కర్నూలు

జవాబు: పెట్టారు మేడం, 2028 లాస్ ఏంజెలెస్‌లో, కానీ మిక్స్‌డ్ టీమ్ ఒక్కటే, వ్యక్తిగత పోటీ లేదు. అది కూడా పిల్లలకు చెప్పండి. అయినా ఉత్సాహం తగ్గించక్కర్లేదు, మన విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ 2023 హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మూడు బంగారు పతకాలు తెచ్చింది కాంపౌండ్‌లోనే కదా.

బోర్డు మీకు రెండిటికి పనికొస్తుంది. ఒకటి బరువు. ప్రపంచ ఆర్చరీ నిబంధనల్లో కాంపౌండ్‌కు 60 పౌండ్లే పరిమితి, పోటీకి పోయాక తనిఖీలో తేలడం కంటే ఇంట్లో తేలడం మంచిది. రెండోది డ్రా లెంగ్త్. ఫుల్ డ్రాలో ఆపి, నాక్ గాడి (బాణం నారికి తగిలే గాడి) నుంచి పిడి లోతుదాకా కొలిచి, దానికి ఒకటీ ముప్పావంగుళం కలపండి, అదే కంపెనీలు చెప్పే డ్రా లెంగ్త్. స్టిక్కర్ మీద 27 అని ఉన్నా కేబుల్స్ సాగి ఉంటే నిజంగా 27 ఉండకపోవచ్చు. ఎదిగే పిల్లలకు అర అంగుళం ఎక్కువైనా వెనక్కి వాలి వేయడం అలవాటవుతుంది, తర్వాత ఆ అలవాటు వదిలించడం మీకే కష్టం. రికర్వ్‌కు క్యామ్‌లు లేవు కాబట్టి బరువు చూసుకోవడానికి తప్ప బోర్డు అక్కర్లేదు.

ప్రశ్న: అడవిపందులు వేరుశనగ చేనంతా తవ్వేస్తున్నాయి. కాంపౌండ్ బో కొంటే పని జరుగుతుందా? — కళ్యాణదుర్గం

జవాబు: కష్టం అర్థమైంది గానీ అన్నా, ఆ పని వద్దు. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద అనుమతి లేకుండా వేటాడటం నేరం, తుపాకీ కాదు విల్లే కదా అంటే ఎవరూ ఒప్పుకోరు. ఫారెస్టు ఆఫీసులో అర్జీ పెట్టండి, పంట నష్టం ఫొటోలు తీసి పెట్టుకోండి.

ప్రశ్న: మే నెలలో బో కారులో ఉంచి ఆఫీసుకు పోతాను. సాయంత్రం గ్రౌండ్‌లో చూస్తే గురి కిందికి పోతోంది. బోర్డు మీద అన్నీ సరిచేసి నెల కూడా కాలేదు. — కడప

జవాబు: కడప ఎండలో, అద్దాలు మూసిన కారులోనా! విల్లు తయారుచేసేవాళ్లంతా వద్దని చెప్పేది అదే. వేడికి నారీ కేబుల్సూ సాగుతాయి, రెండూ ఒకేలా సాగవు, క్యామ్‌లు కదులుతాయి, లింబుల అతుకులకూ మంచిది కాదు. ఆఫీసులోకి తీసుకుపోండి, మూల పడి ఉంటుంది.

ఇకమీదట బోర్డు మీద సరిచేసిన రోజే, విల్లు లాగకుండా ఉన్నప్పుడు రెండు క్యామ్‌ల మీదా కేబుల్ దాటే చోట సిల్వర్ మార్కర్‌తో సన్నగా గీత పెట్టుకోండి. రోజూ షూటింగ్‌కు ముందు ఒక్కసారి దానివైపు చూస్తే సరిపోతుంది. కొత్త స్ట్రింగ్ వేయించినప్పుడు మొదటి వంద, రెండు వందల బాణాల దాకా ఆ గీత కొంచెం కదలడం మామూలే, కుదురుకున్నాక ఒకసారి సరిచేసి పాత గీత చెరిపి కొత్తది పెట్టుకోండి. అది దాటాక కూడా కదులుతోందంటే ఆ రోజుకు షూటింగ్ ఆపి, మళ్లీ బోర్డు మీద పెట్టి చూడండి.