యుద్ధం, వరద అని వార్త వచ్చినప్పుడల్లా రాకడ దగ్గరపడినట్లేనా?

ఎక్కడ యుద్ధం మొదలైనా, భూకంపం వచ్చినా మీ సంఘం వాట్సాప్ గ్రూపులో 'రాకడ గుర్తులు', అంటే యేసుక్రీస్తు మళ్లీ వచ్చే కాలానికి సూచనలు అంటూ వీడియోలు వస్తున్నాయని, అవి చూసి మీ అమ్మగారికి నిద్ర పట్టడం లేదని రాశారు. క్రైస్తవులు వార్తలను ఎలా చూడాలని అడిగారు. నేను వేదాంత కళాశాలలో చదివినవాణ్ని కాను. కర్నూలు పాతబస్తీలో పెరిగి, 2009 వరదలో ఇల్లు మునిగిన కుటుంబంవాణ్ని. నా జవాబు అక్కడి నుంచే వస్తుంది.

ఆ ఏడు ఆగస్టు దాకా వానలు ముఖం చాటేయడంతో మా సంఘంలో వర్షం కోసం మూడు శుక్రవారాలు ఉపవాస ప్రార్థన జరిపాము. అక్టోబరు 2, అదీ శుక్రవారమే, తుంగభద్ర, హంద్రీ రెండూ ఊళ్లోకి వచ్చేశాయి. మాది కింది వాటా కావడంతో వెనుక వీధిలోని ఒక ముస్లిం కుటుంబం మిద్దె మీద రెండు రాత్రులు గడిపాము. ఆ ఇంటి పెద్దామె ఉన్న బియ్యమంతా గంజి కాచి, తన పిల్లలకూ మాకూ ఒకే కొలతగా పోసింది. నీరు తీశాక మాకు మిగిలినవి మోకాలి లోతు బురద, ఉబ్బి కంపు కొడుతున్న బియ్యం బస్తా, పేజీలు అతుక్కుపోయిన మా నాన్నగారి బైబిలు. కొన్నాళ్లకు మా కూడికకు బయటి నుంచి వచ్చిన ఒక బోధకుడు, ఈ పట్టణపు పాపం పండినందువల్లనే ఇలా జరిగిందని చెప్పారు. కూడిక ముగిశాక నాన్నగారు ఆయనను నెమ్మదిగా ఒక్కటే అడిగారు: "మేము పాపులమే అయ్యా, కాదనను. మరి మెరక వీధుల్లో ఇల్లు మునగనివాళ్లంతా నీతిమంతులేనా?"

ఆ ప్రశ్న నాన్నగారు కల్పించినది కాదు. లూకా సువార్త 13వ అధ్యాయంలో, సిలోయములో గోపురం కూలి చనిపోయిన 18 మంది యెరూషలేములోని అందరికంటే ఎక్కువ అపరాధులని అనుకుంటున్నారా అని అడిగి, కాదని జవాబు చెప్పినవాడు యేసే. మారుమనస్సు పొందమని ఆ వెంటనే హెచ్చరించాడన్నది నిజమే, కానీ ఆ హెచ్చరిక వింటున్నవాళ్లకు. చనిపోయినవాళ్ల మీద తీర్పు కాదు. వరదను దేవుని ఉగ్రత అనడంలో మరో చిక్కు కూడా ఉంది. కర్నూలుకు దిగువన ఉన్న శ్రీశైలం జలాశయానికి ఆ రోజుల్లో దాదాపు 25 లక్షల క్యూసెక్కుల వరద వచ్చి, నీటిమట్టం 885 అడుగుల పూర్తి స్థాయిని దాటి 896 అడుగులకు చేరింది. ముందుగా జలాశయంలో ఎంత ఖాళీ ఉంచవలసింది, గేట్లు ఎప్పుడు ఎత్తవలసింది అన్న చర్చ చాలాకాలం నడిచింది. అంతా దేవుని ఉగ్రతే అనేస్తే గేట్ల లెక్క అడిగేవాడు ఉండడు.

ఇక అంతాన్ని గురించి యేసు మాట్లాడిన మత్తయి సువార్త 24వ అధ్యాయం విషయం. వీడియోలు చేసేవారు యుద్ధములు, కరవులు, భూకంపములు అన్న మాటలు చదివి ఆపేస్తారు. అదే చోట 'కలవరపడకుండ చూచుకొనుడి' అనీ, 'అంతము వెంటనే రాదు' అనీ ఉంది. ఆ దినము, గడియ తండ్రికి తప్ప ఎవరికీ తెలియవని 36వ వచనం చెబుతుంది. అయినా లెక్కలు కట్టినవాళ్లకు కొదవ లేదు. అమెరికాలో విలియం మిల్లర్ అనుచరులు 1844 అక్టోబరు 22న ప్రభువు వస్తాడని ఎదురుచూసి భంగపడ్డారు. అక్కడి రేడియో బోధకుడు హెరాల్డ్ క్యాంపింగ్ మొదట 1994 అని, తరువాత 2011 మే 21 అని ప్రకటించి, చివరికి తాను పొరబడ్డానని ఒప్పుకున్నాడు. ఒప్పుకోవడమైనా ఆయనలోని మంచితనమే. మన గ్రూపుల్లో నిరుటి వీడియో తప్పిందని చెప్పినవారిని నేను ఇంతవరకు చూడలేదు.

ఈ భయం నిద్రను చెడగొట్టడంతో ఆగదు. 2021లో అరవై దాటినవారికి టీకాలు మొదలైనప్పుడు, అందులో బైబిలు చెప్పే అంత్యకాలపు శత్రువైన 'మృగము' ముద్ర ఉందన్న సందేశం నమ్మి మా పిన్ని మూడు నెలలు వేయించుకోలేదు. అంతకుముందు ఆధార్ కార్డును గురించి కూడా ఇదే మాట వినిపించింది. నేను వాదించి ఓడిపోయాను. చివరికి మా పాస్టరు గారు తాను వేయించుకుని వచ్చి, ఆమె పక్కన కూర్చుని ఆ ముద్ర మాట ఉన్న ప్రకటన గ్రంథం 13వ అధ్యాయం చదివించారు. ఆ ముద్ర మృగానికి నమస్కరించేవారిని గురించినది కదా, తెలియకుండా సూదితో గుచ్చితే విశ్వాసం పోతుందా అని అడిగారు. ఆ వారమే పిన్ని ఆసుపత్రికి వెళ్లారు.

కాబట్టి అమ్మగారితో వాదించకండి, గ్రూపు నుంచి బయటికి రమ్మని కూడా అనకండి. ఒంటరితనంలో భయం ఇంకా పెరుగుతుంది. రాత్రి ఆ వీడియోలకు బదులు మత్తయి 24ను మొదలుపెట్టి, మధ్యలో ఆపకుండా 25వ అధ్యాయం చివరి దాకా ఇద్దరూ కలిసి పైకి చదవండి. భూకంపాలతో సాగిన ఆ ప్రసంగం ఆకలిగొన్నవానికి అన్నం పెట్టారా, దప్పిగొన్నవానికి నీళ్లిచ్చారా అన్న దగ్గర ముగుస్తుంది. అది చదివినప్పుడల్లా నాకు ఆ మిద్దె మీది గంజి గుర్తుకొస్తుంది. ఇప్పుడు ఎక్కడో వరద వచ్చిందని గ్రూపులో వార్త పడగానే, అక్కడ మనకు తెలిసిన సంఘం ఏదైనా ఉందా, ఏమి పంపాలి అని నేను అడుగుతాను. మొదట్లో ఎవరూ పలకలేదు. ఇప్పుడు నాకంటే ముందు పిన్నే అడుగుతున్నారు.