పాలిమర్ పొరల పరిశోధన: మా అమ్మాయిని పంపవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి కర్నూలులో బీఎస్సీ కెమిస్ట్రీ చివరి సంవత్సరం చదువుతోంది. హైదరాబాద్‌లోని ఒక మందుల కంపెనీ క్వాలిటీ కంట్రోల్ విభాగంలో ఉద్యోగానికి పిలిచింది. తానేమో బ్యాటరీలలోనూ నీటి శుద్ధిలోనూ వాడే సూక్ష్మరంధ్రాల పాలిమర్ల మీద పరిశోధన చేస్తానంటోంది. ఇంకా ఏడేళ్లు చదివించడం మా తాహతుకు మించిన పని. ఆ చదువుకు భవిష్యత్తు ఉందా? – ఒక తండ్రి, కర్నూలు

జవాబు: అయ్యా, మీ ఆందోళనలో ఖర్చు సంగతే ప్రధానంగా కనబడుతోంది కనుక ముందు దానికే సమాధానం చెబుతాను. మీరు భరించవలసింది ఎమ్మెస్సీ రెండేళ్లు మాత్రమే. ఆ తరువాత సీఎస్‌ఐఆర్-యూజీసీ నెట్ అనే జాతీయ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (పరిశోధన భత్యానికి అర్హత) సాధించి పీహెచ్‌డీలో చేరితే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, ఆపైన 42,000 రూపాయలు ఫెలోషిప్‌గా అందుతాయి. ఆ పరీక్ష తేలికైనది కాదు, అయితే శ్రద్ధగా చదివే విద్యార్థికి అందనిదీ కాదు.

ఇక మీ అమ్మాయి ఎంచుకున్న విషయం. మీ ఊరికి దగ్గరలోనే, ఓర్వకల్లు వైపు, వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు ఉంది. పగటి కరెంటును రాత్రికి దాచిపెట్టే మార్గాలలో వెనేడియం ఫ్లో బ్యాటరీ ఒకటి. అందులో వెనేడియం అనే లోహం కరిగి ఉన్న రెండు ట్యాంకుల ద్రావణాలు ఒక పలుచని పాలిమర్ (పొడవైన అణుగొలుసులతో అయిన ప్లాస్టిక్ వంటి పదార్థం) పొరకు చెరొక పక్కన ప్రవహిస్తాయి. ఆ పొర ప్రోటాన్లను (హైడ్రోజన్ అయాన్లను) దాటనివ్వాలి, వెనేడియం అయాన్లను, అంటే విద్యుదావేశమున్న వెనేడియం కణాలను, ఆపాలి. అవి కూడా దాటిపోతే దాచిన శక్తి క్రమంగా తరిగిపోతుంది. 1960లలో డ్యూపాంట్ కంపెనీ తయారుచేసిన నాఫియాన్ పొర, దానిలోని సల్ఫోనిక్ ఆమ్ల సమూహాల వల్ల, ప్రోటాన్లను చక్కగా పంపుతుంది, కానీ దాని ధర ఎక్కువ, వెనేడియాన్ని పూర్తిగా ఆపలేదు. అందుకే రసాయన శాస్త్రవేత్తలు మరో దారి పట్టారు. 2004లో మాంచెస్టర్‌లో బడ్, మెక్‌కియోన్ బృందం పిమ్-1 అనే పాలిమర్‌ను వెలువరించింది. దాని అణుగొలుసు వంగక బిరుసుగా, మెలికలతో ఉండటం వల్ల గొలుసులు ఒకదానికొకటి దగ్గరగా సర్దుకోలేక, మధ్యలో 2 నానోమీటర్ల కంటే చిన్న ఖాళీలు మిగిలిపోతాయి. అలాంటి రంధ్రాల గోడలకు కావలసిన రసాయన సమూహాలను అతికించి, ఏ అయాన్ దాటాలో ఏది ఆగాలో నిర్ణయించడమే మీ అమ్మాయి చెబుతున్న పరిశోధన. దీనికి తోబుట్టువు వంటి లోహ-సేంద్రియ చట్రాల (లోహ అయాన్లను సేంద్రియ అణువులతో కలిపి కట్టిన రంధ్రాల పదార్థాల) రంగానికి 2025లో కెమిస్ట్రీ నోబెల్ బహుమతి దక్కింది.

ఈ పని రోజువారీగా ఎలా ఉంటుందో మీ అమ్మాయికి తెలియడం నోబెల్ సంగతి కన్నా ముఖ్యం. తయారైన పొర ముక్కను ఆరబెట్టి తూచి, ఉప్పు ద్రావణంలో ఒక రాత్రంతా నానబెడతారు. సోడియం లోపలికి వెళ్లి, ప్రోటాన్లు బయటికి వస్తాయి. ఆ ద్రావణాన్ని ఫినాప్తలీన్ వేసి, సోడియం హైడ్రాక్సైడ్‌తో టైట్రేషన్ చేసి (రంగు మారేవరకు చుక్కచుక్కగా కలిపి), ఒక గ్రాము పొరలో ఎన్ని ఆమ్ల సమూహాలున్నాయో లెక్కగడతారు. నాఫియాన్ 117కు ఈ విలువ గ్రాముకు సుమారు 0.9 మిల్లీ ఈక్వివలెంట్లు (ఆమ్ల సమూహాల లెక్కకు వాడే కొలత). సమూహాలను పెంచితే ప్రోటాన్ల వాహకత పెరుగుతుంది, కానీ పొర నీళ్లు పీల్చి ఉబ్బి, రంధ్రాలు సడలి, వెనేడియం మళ్లీ దాటడం మొదలుపెడుతుంది. ఈ రెండింటి మధ్య సరైన చోటు కోసం నెలల తరబడి నమూనా వెంట నమూనా చేస్తూ పోవాలి. డిగ్రీ ల్యాబ్‌లో టైట్రేషన్ చేసేటప్పుడు మూడోసారి కూడా అంతే జాగ్రత్తగా బ్యూరెట్ చూసేదా అని మీ అమ్మాయిని అడగండి.

నీటి వైపు కూడా పని చాలా ఉంది. అనంతపురం పల్లెలలో ఫ్లోరైడ్ బాధ మీకు తెలిసిందే. ఆర్వో ప్లాంటు ఫ్లోరైడ్‌తోపాటు మిగతా లవణాలను కూడా చాలావరకు తీసివేసి, కొంత నీటిని వృథాగా వదిలేస్తుంది. ఎంచిన అయాన్‌నే ఆపగల పొరల అవసరం మన సీమకు ఎంత ఉందో వేరే చెప్పనక్కరలేదు.

మీ అమ్మాయి ముందుగా ఐఐటీ జామ్ అనే ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్ష రాయాలి. దరఖాస్తులు సాధారణంగా సెప్టెంబరు-అక్టోబరులలో, పరీక్ష ఫిబ్రవరిలో ఉంటాయి. ఆ ర్యాంకుతో ఐఐటీలలో ఎమ్మెస్సీకి ప్రయత్నించవచ్చు. అది కుదరకపోతే రాష్ట్ర ప్రవేశ పరీక్ష పీజీసెట్ ద్వారా మన విశ్వవిద్యాలయాలలో ఆర్గానిక్ కెమిస్ట్రీ తీసుకోవచ్చు. అనంతపురం శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలో పాలిమర్ సైన్స్ విభాగం ఉంది, ఈ ఏటి సీట్ల వివరాలు నేరుగా కనుక్కోండి. పీహెచ్‌డీకి భావనగర్‌లోని సీఎస్‌ఎంసీఆర్‌ఐ, కారైకుడిలోని సెక్రీ, పుణేలోని ఎన్‌సీఎల్, హైదరాబాద్‌లోని ఐఐసీటీ వంటి ప్రయోగశాలలున్నాయి. పాలిమర్‌ను తయారుచేసి, దానినే బ్యాటరీ సెల్‌లో బిగించి పరీక్షించే వీలు ఒకేచోట ఉన్న బృందాన్నే ఎంచుకోవాలని నా గట్టి సలహా. తయారీ ఒకచోట, పరీక్ష మరొకచోట అయితే విద్యార్థి సమయం ఎదురుచూపులలోనే కరిగిపోతుంది.

ఉద్యోగాల విషయం దాచకుండా చెప్పాలి. ఈ రంగంలో మంచి కొలువులు పీహెచ్‌డీ తరువాతే, అవీ ఎక్కువగా మన జిల్లాకు బయటే దొరుకుతాయి. అయితే ఎమ్మెస్సీతో ఆగిపోయినా సింథసిస్ (పదార్థాల తయారీ), వాటిని పరీక్షించే ఎన్‌ఎంఆర్, క్రోమటోగ్రఫీ పద్ధతులు తెలిసిన అమ్మాయిని మందుల కంపెనీలు తీసుకుంటాయి, అది కూడా ఇప్పుడు పిలిచిన ఉద్యోగం కంటే మెరుగైన హోదాలో. ఇల్లు గడవడానికి ఆ జీతం వెంటనే అవసరమైతే తప్ప ఇప్పుడే కంపెనీలో చేర్చకండి. ఎమ్మెస్సీ మొదటి ఏడాదిలో సైన్స్ అకాడమీల వేసవి ఫెలోషిప్‌కు దరఖాస్తు చేయించండి. రెండు నెలలు పరిశోధనశాలలో గడిపిన తరువాత పీహెచ్‌డీ సంగతి మీ అమ్మాయే తేల్చి చెప్పగలదు.