ఓడ మార్చినా రవాణాయే

ప్రశ్న: బ్రిటిష్ కాలంలో తుపాకులను రేవులో ఒడ్డుకు దించకుండా మరో ఓడకెక్కిస్తే ఆయుధ చట్టం వర్తించేదా?

జవాబు: వర్తించేది. 1878 చట్టం 10వ సెక్షన్ వివరణ ప్రకారం రేవులో ఓడ మార్చడమూ రవాణాయే. ఎగుమతి దిగుమతులకు 6వ సెక్షన్ కింద లైసెన్సు ఉండాల్సి వచ్చేది. ఆయుధాలు ఉంచుకునే చట్టబద్ధ హక్కున్నవారు సొంత వాడకానికి పరిమితంగా తీసుకెళ్తే మినహాయింపు ఉండేది, ఫిరంగులకు తప్ప. అయినా అలా మినహాయించిన ఆయుధాలను కూడా కస్టమ్స్ కలెక్టరు ఆపి, స్థానిక ప్రభుత్వ ఉత్తర్వు వచ్చేదాకా ఉంచుకునే వీలుండేది. ఉల్లంఘిస్తే మూడేళ్ల దాకా జైలు పడేది. దాచి తరలిస్తే ఏడేళ్ల దాకా.

అసలు లోపం కాగితాల్లో కాదు, కస్టమ్స్ గేటు దాటాక ఉండేది. 1914 ఆగస్టు 26న కలకత్తాలో ఆయుధాల వ్యాపార సంస్థ రోడ్డా కంపెనీకి విడిపించిన 202 పెట్టెల్లో గోదాముకు చేరినవి 192. మిగతా పదింటిలో 50 మౌజర్ పిస్తోళ్లు, 46,000 తూటాలు విప్లవకారుల చేతికి చేరాయి.