కోకిల కూసిన రెండు అంకాలు

ప్రశ్న: నాటకాల్లోని ఉపమలు (పోలికలు), ఉత్ప్రేక్షలు (ఒకదాన్ని మరొకటిగా ఊహించడాలు) పద్యానికి అందం తెస్తాయని పాఠాల్లో చదువుకున్నాం. అవి ప్రేక్షకుడి మనసులో దిగులునో భయాన్నో నిజంగా పుట్టించగలవా? ఒక నాటకం ఆధారంగా వివరించండి.
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: పుట్టించగలవు. అయితే అలంకారం పేరు గుర్తుపట్టి లక్షణం ఒప్పజెప్పడంతో ఆగిపోతే (మన పరీక్షలు అడిగేది అంతవరకే) ఆ సంగతి బోధపడదు. ఆ మాట ఎవరు, ఏ సమయంలో, ఏమి తెలిసి లేదా తెలియక అన్నారో చూడాలి. కాళిదాసు అభిజ్ఞాన శాకుంతలంలోని నాలుగు, ఐదు అంకాలను పక్కపక్కన పెట్టుకుని చదవండి.

నాలుగో అంకం మొదట్లోనే, దుష్యంతుణ్ణి తలచుకుంటూ తన రాకను గమనించని శకుంతలను, నువ్వు తలచుకుంటున్నవాడు నిన్ను మరచిపోతాడని దుర్వాసుడు శపిస్తాడు. ఆ సంగతి ఆమె చెలులు అనసూయకు, ప్రియంవదకు, ప్రేక్షకులకు తప్ప మరెవరికీ తెలియదు. అప్పుడు, పొద్దు ఎంత ఉందో చూసి రమ్మని శకుంతలను పెంచిన కణ్వుడు పంపగా ఒక శిష్యుడు బయటికి వస్తాడు. ఒకవైపు చంద్రుడు అస్తాద్రికి చేరుతున్నాడని, మరోవైపు అరుణుణ్ణి ముందుంచుకుని సూర్యుడు వస్తున్నాడని, చంద్రుడు కనుమరుగు కాగానే కలువ కళ తప్పిందని, ప్రియుడు దూరమైన స్త్రీల దుఃఖం భరించరానిదని అంటాడు. పాపం, అతడు చూడవచ్చింది వేళ మాత్రమే. శాపం సంగతి తెలిసిన మనకు మాత్రం ఆ కలువలో శకుంతల కనబడుతుంది, తెల్లవారడమే కీడుగా తోస్తుంది.

ఇక శకుంతల అత్తవారింటికి బయలుదేరే ఘట్టం. మీకు నీరు పోయనిదే తాను నీరు ముట్టని పిల్ల, అలంకారాలంటే ఇష్టమున్నా మీ చిగురు తుంచని పిల్ల వెళుతోంది, అనుమతించండి అని కణ్వుడు ఆశ్రమ వృక్షాలను అడుగుతాడు. ఎక్కడో కోకిల కూస్తుంది. ఆ కూతనే చెట్లు ఇచ్చిన బదులుగా తీసుకుంటారు. కాసేపటికి ప్రియంవద ప్రాకృత పద్యంలో, లేళ్లు నోటిలోని దర్భలు జారవిడిచాయని, నెమళ్లు ఆట మానాయని, పండుటాకులు రాల్చే తీగెలు కన్నీరు కారుస్తున్నట్లున్నాయని చెబుతుంది. ఆకులు రాలడంలో వింత లేదు, అవి నిన్నా రాలి ఉంటాయి. ఈ పూట వాటిని చూస్తున్నది చెలిని సాగనంపుతున్న కన్ను కాబట్టి అవి కన్నీళ్లయ్యాయి. ఆలంకారికులు ఉత్ప్రేక్ష అనే ఆ ‘కారుస్తున్నట్లున్నాయి’లో ఒక ఇంటి దుఃఖం అడవి అంతటికీ పాకింది.

ఐదో అంకంలో ఆ కోకిలే మళ్లీ వస్తుంది, ఈసారి శాపం వల్ల శకుంతలను మరచిపోయిన దుష్యంతుడి నోట. తపోవనంలో పెరిగిన ఈ పిల్లకు కపటం తెలియదని, వెంట వచ్చిన ఆశ్రమ పెద్దావిడ గౌతమి అనగానే, ఆడకోకిలలు తమ పిల్లలను ఎగరడం వచ్చేవరకు వేరే పక్షుల చేత పెంచించుకుంటాయి కదా అని అందరి ఎదుట ఎత్తిపొడుస్తాడు. ఎదుట ఉన్నది గర్భిణి, పైగా మేనక వదిలేస్తే కణ్వుడు పెంచిన బిడ్డ. ఒక్క పోలికతో ఆమె పుట్టుకకూ, కడుపులోని బిడ్డకూ దెబ్బ తగిలింది. మొన్న చెట్ల అనుమతి అనిపించిన కూతే ఇక్కడ నిందకు సాధనం కావడంతో అక్కడి వాతావరణం ఒక్కసారిగా కరుకెక్కుతుంది.

ప్రశ్న: మరి ఇన్ని అలంకారాలు గుప్పిస్తే నాటకం నడక మందగించదా?
– అదే పాఠకురాలు

జవాబు: వాటి కోసం కవి వేరే ప్రయత్నం చేస్తే మందగిస్తుంది. 9వ శతాబ్దపు కాశ్మీర ఆలంకారికుడు ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకంలో, రసావేశంలో ఉన్న కవికి ప్రత్యేక యత్నం లేకుండా కుదిరినదే అలంకారమని అన్నాడు. పైన చెప్పిన ఎత్తిపొడుపుకు శకుంతల ఇచ్చిన జవాబే చూడండి. అంతవరకు బెదురుతూ మాట్లాడిన ఆమె ‘అనార్యా’ అని మొదలుపెట్టి, నీ మనసును బట్టే అందరినీ కొలుస్తున్నావని, ధర్మమనే చొక్కా తొడుక్కున్న నువ్వు గడ్డి కప్పిన బావివని, పద్యం కూడా కాని వట్టి వచనంలో, కోపంతో, ఒక్క గుక్కలో అనేస్తుంది.