బస్సు, బస్ బార్, యూఎస్‌బీ: మూడింటిలోనూ ఒకే ‘బస్’

రోడ్డు మీది బస్సుకీ, కరెంటు ప్యానెల్లో బస్ బార్‌కీ, యూఎస్‌బీలో చివరి ‘బీ’కీ సంబంధం ఉందా అని అడిగారు. ఉంది, మూడూ ఒకటే. అసలు విశేషం, అది పూర్తి మాట కాదు, విభక్తి ప్రత్యయం.

లాటిన్‌లో ‘ఆమ్నిస్’ అంటే సమస్తం. దాని చతుర్థీ బహువచనం ‘ఆమ్నిబస్’, అంటే అందరి కొరకు. ‘ఆమ్ని’ ప్రాతిపదిక, ‘బస్’ ప్రత్యయం. బళ్లో వల్లించిన ‘కొఱకున్, కై’ ఉన్నాయే, సరిగ్గా అదే. ‘అందరి’ని కొట్టేసి బండిని ‘కొరకు’ అని పిలవడం లాంటిది. మెహిదీపట్నం స్టాపులో నిలబడి ‘సికింద్రాబాద్ వెళ్లే కొరకు వచ్చిందా?’ అని అడిగినట్టన్నమాట.

బండికి ‘ఆమ్నిబస్’ అన్న పేరు ఫ్రాన్స్‌లో పడింది. 1826లో నాంత్ ఊళ్లో స్టానిస్లాస్ బోద్రీ తన స్నానశాలకు జనాన్ని తీసుకెళ్లడానికి గుర్రబ్బండి పెడితే, దారిలో ఎక్కడెక్కడో దిగిపోయేవాళ్లే ఎక్కువయ్యారు. ఓమ్నెస్ అనే టోపీల వ్యాపారి పెట్టుకున్న ‘ఓమ్నెస్ ఆమ్నిబస్’ బోర్డు చూసి బండికి పేరు పెట్టారనే కథ ప్రచారంలో ఉంది గానీ దానికి గట్టి ఆధారం లేదు. ఎక్కడైనా రాస్తే ‘అంటారు’ అని చేర్చండి. 1829లో జార్జ్ షిల్లిబీర్ లండన్‌లో పాడింగ్టన్ నుంచి బ్యాంక్ దాకా నడిపాడు: మూడు గుర్రాలు, 22 మంది. కొన్నేళ్లకే తల తెగి ‘బస్’ మిగిలింది. 1932లో నిజాం రైల్వే 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టేనాటికి ఈ పొట్టి పేరే వాడుక.

బస్ బార్ మొదట ‘ఆమ్నిబస్ బార్’. ప్యానెల్ తెరిస్తే కనిపించే రాగి లేదా అల్యూమినియం పట్టీ అది. ఫేజుకొకటి ఉంటుంది, ఆ ఫేజు ఎంసీబీలన్నీ (లోడు మించితే వాటంతటవే పడిపోయే చిన్న స్విచ్‌లు) దాన్నుంచే కరెంటు తీసుకుంటాయి. ‘అందరి కొరకు’ అన్న అర్థం బండిలో కంటే ఇక్కడే బాగా నప్పుతుందని నా అభిప్రాయం. అందుకే ఇన్‌కమర్ (ప్యానెల్లోకి కరెంటు వచ్చే మెయిన్ స్విచ్) దగ్గర బోల్టు వదులైతే జాయింటు వేడెక్కి నల్లబడుతుంది, చివరికి ఆ ఫేజు మీది సర్క్యూట్లన్నీ ఒక్కసారే పోతాయి.

కంప్యూటర్లోకి మాట ఇక్కణ్ణుంచే వెళ్లింది: అన్ని భాగాలూ పంచుకునే తీగల వరస. ఒకేసారి రెండు భాగాలు దాని మీద సిగ్నల్ పెడితే డేటా పాడవుతుంది. 1996లో వచ్చిన ‘యూనివర్సల్ సీరియల్ బస్’లో, తెగిపోయిన ‘ఆమ్ని’ స్థానంలోకి ‘యూనివర్సల్’ వచ్చి చేరినట్టుంటుంది.

బహువచనం ‘ఆమ్నిబై’ అని రాయకండి. ‘ఆమ్నిబస్’ లాటిన్‌లో ఎలాగూ బహువచనమే, ఇంగ్లీషులో ‘ఆమ్నిబసెస్’. ఇక హైదరాబాదులో ‘బస్, ఇక చాలు’ అంటామే, ఆ ‘బస్’ పారసీ నుంచి ఉర్దూ మీదుగా వచ్చింది. దీనికి చుట్టం కాదు.