నాన్నగారు పోయి నాలుగు నెలలు, అందరూ సంతోషించమంటున్నారు. ఎలా?

"చెన్నైలో మా తెలుగు క్రైస్తవ సంఘంలో అందరూ 'ఏడవకండి, నాన్నగారు మహిమలో ఉన్నారు, సంతోషించండి' అంటున్నారు. నాకు సంతోషం రావట్లేదు. నా విశ్వాసంలో లోపమా?" అని మీరు అడిగారు.

లోపం ఆ సలహాలో ఉందండి. బైబిల్లో 1 థెస్సలొనీకయులు 4:13లో అపొస్తలుడు పౌలు దుఃఖపడొద్దని ఎక్కడా అనలేదు. నిరీక్షణ లేనివాళ్లలా దుఃఖపడొద్దన్నాడు. ఆ వాక్యంలో సగం కోసేసి చావింట పెట్టే ఆదరణ కూడికల్లో వడ్డించేస్తున్నారు. చనిపోయిన స్నేహితుడు లాజరును లేపబోతున్నానని తెలిసి కూడా యేసు ఏడ్చాడు కదా, ఆయన్నెవరు ఆపారు?

మీరుండేది చెన్నై కాబట్టి యేసు శిష్యుడు తోమా సంగతి చూడండి. ఆయన్ను పరంగిమలై కొండ మీద చంపారని, శాంథోమ్‌లో పాతిపెట్టారని ఇక్కడివాళ్లు తరతరాలుగా చెప్పుకుంటారు. అనుమానపు తోమా అని పేరు పెట్టేశాం గానీ, యోహాను సువార్త 20వ అధ్యాయం నిదానంగా చదివితే అక్కడ కనిపించేది దుఃఖంలో ఉన్న మనిషి. యేసు పునరుత్థానమైన సాయంత్రం అతను అక్కడ లేడు. మిగతా పదిమంది శిష్యులు "ప్రభువును చూశాం" అని చెప్పారు. వాళ్ల సంతోషం అతనికి అంటలేదు. యేసు చేతుల్లో మేకుల గుర్తులు చూస్తే గానీ నమ్మనన్నాడు. ఎనిమిది రోజుల తర్వాత చూస్తే, అదే ఇంట్లో వాళ్లతోనే ఉన్నాడు. వాళ్లు పొమ్మనలేదు, అతనూ మానేయలేదు. యేసు వచ్చి చేతులు చూపించాడు, పక్క చూపించాడు. లేచిన దేహంలోనూ గాయాలు అలాగే ఉన్నాయి! ఇది చదివాక కూడా "ఇంకా ఏడుస్తున్నావా" అని అడిగే పెద్దలను ఏమనాలో నాకు తెలియదు.

ఇక చేయాల్సిన పని. రాత్రి పడుకునే ముందు పదిహేను నిమిషాలు చాలు. బైబిల్లో 13వ కీర్తన తీయండి, ఆరే వచనాలు. మొదటి రెండు వచనాల్లో "ఎంతకాలం" అన్న ప్రశ్నే నాలుగుసార్లు వస్తుంది. అక్కడ ఆగి మీ ప్రశ్నలు పైకి పలకండి. ఆస్పత్రిలో ఆఖరి రాత్రి, నాన్నతో తేలని గొడవ, అమ్మ ఒక్కతే అయిపోవడం, ఏదుంటే అది పేరు పెట్టి చెప్పాలి. "ప్రభువా, నా బాధ నీకు తెలుసు" అని గుండుగుత్తగా అనేస్తే లోపలిది లోపలే ఉండిపోతుంది. 3, 4 వచనాలు అడగడానికి. ఒక్కటే అడగండి, రేపటికి సరిపడేది: నిద్ర, లేదా ఆఫీసులో ఓపిక. 5, 6లో నమ్మకం, పాట. చాలామందికి బెడిసికొట్టేది ఇక్కడే, నేరుగా ఐదో వచనానికి దూకేస్తారు. మీకు నాలుగు దాటబుద్ధి కాని రాత్రి అక్కడే మూసేయండి. 88వ కీర్తన చీకట్లోనే ముగుస్తుంది, అయినా దాన్ని బైబిల్లోంచి ఎవరూ తీసేయలేదు.

పొద్దున 90వ కీర్తన. భూస్థాపనలో పదో వచనం, డెబ్బై ఏళ్లు, బలముంటే ఎనభై, చదివి పుస్తకం మూసేస్తారు. డెబ్బై ఏళ్లంటే సుమారు 25,500 రోజులు, అంతే. కానీ అసలు మాటలు తర్వాత ఉన్నాయి. 12లో కీర్తనకారుడు రోజులు లెక్కపెట్టడం నేర్పమంటాడు, 14లో ఉదయాన్నే కృపతో తృప్తిపరచమంటాడు, 15లో శ్రమపెట్టినన్ని రోజులూ సంతోషపెట్టమని లెక్క కట్టి మరీ అడుగుతాడు. ఈ మూడూ చదివి, నిన్న అందిన మేలు ఒక్కటి నోటుబుక్కులో రాయండి. అక్క ఫోను, సాయంత్రం మెరీనా గాలి, అంత చిన్నదైనా ఫరవాలేదు. సంఘంలో చెప్పుకునేంత పెద్ద సాక్ష్యం కోసం వెతికారో, వారంలో మానేస్తారు.

జనవరి 1న సంఘాల్లో పంచే వాగ్దాన కార్డుల మీద, అదే బైబిల్ వాక్యం అచ్చేసిన కార్డుల మీద, నాకో ఫిర్యాదు ఉంది. హబక్కూకు 3:18 ఆనందం అచ్చేస్తారు, పైనున్న 17 వేయరు. అంజూరం, ద్రాక్ష, ఒలీవ, పొలం, గొర్రెలు, పశువులు, ఆరు నష్టాలు ఏకరువు పెట్టాకే ఆ ప్రవక్త ఆనందిస్తానన్నాడు.

ఆదివారం పాటలు పాడలేకపోతే నోరు మూసుకుని నిలబడండి, పక్కవాళ్లు మీ వంతు పాడతారు. యేసు మరణాన్ని తలుచుకుంటూ రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ప్రభురాత్రి భోజనం మాత్రం వదలొద్దు. 1 కొరింథీయులు 11:26లో ఆయన మరణమూ, "ఆయన వచ్చువరకు" అన్న ఎదురుచూపూ ఒకే వాక్యంలో, ఒకే బల్ల మీద ఉన్నాయి. రెండు వారాలు దాటి నిద్ర, తిండి సరిగా లేకపోతే డాక్టరుకు చూపించుకోండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనూ మాట్లాడతారు. దానివల్ల విశ్వాసం తగ్గిపోదు.

నాన్నగారు పోయి ఏడాదికి పెట్టే సంవత్సరం కూడిక నాటికి పాస్టరు అయ్యగారితో ముందే మాట్లాడుకోండి: ప్రసంగం ఇరవై నిమిషాలు, ఫ్లెక్సీ వద్దు, మైకు వద్దు. నాన్నగారి కోపం గురించి, ఆయన చేతి వంట గురించి, నిజంగా ఆయన్ను ఎరిగిన ఇద్దరు మాట్లాడితే చాలు.